తుపాను రాత్రి ఇంట్లోనూ ప్రమాదం ఉంటే: స్త్రీలే నడిపే అత్యవసర బృందాన్ని కట్టుకోవడం ఎలా

వరద హెచ్చరిక రాగానే అధికారులు ఒకే మాట చెబుతారు: అందరికీ తెలిసిన ఎత్తైన భవనానికి చేరుకోండి. కొట్టే భర్త నుంచో, వెంటపడే మనిషి నుంచో తప్పించుకోవాల్సిన స్త్రీకి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఎవరికీ తెలియని చోటు. ఈ రెండు ప్రమాదాలూ ఒకే రాత్రి ఒకే మనిషి మీద పడితే ఆమె ఎటు వెళ్లాలి? చాలా విపత్తు ప్రణాళికల్లో దీనికి జవాబు దొరకదు. వరద ఒక శాఖ పని, గృహహింస మరో శాఖ పని. వీధిలో బతికే స్త్రీలకు ఈ విభజన లేదు కాబట్టి, రెంటినీ కలిపి చూసుకునే బృందాన్ని వాళ్లే కట్టుకోవాలి.

ఇదంతా అవసరమా అనేవారికి రెండు లెక్కలు చెప్పండి. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుపానులో దాదాపు 1,40,000 మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల మధ్య వయసు వారిలో మరణాలు పురుషుల్లో వెయ్యికి 15 ఉంటే, స్త్రీలలో వెయ్యికి 71. హెచ్చరికలు ఎక్కువగా మగవాళ్లు తిరిగే చోట్ల వినిపించాయి. పిల్లలనూ ముసలివాళ్లనూ చూసుకుంటూ ఇళ్లలో ఉన్న స్త్రీలలో చాలామంది మగవాళ్లు వచ్చి బయలుదేరమనే దాకా ఆగిపోయారు. ఇక పసిఫిక్ ద్వీపదేశమైన వనువాటులో, 2011లో తాఫియా రాష్ట్రాన్ని రెండు తుపాన్లు తాకిన తర్వాత, తన్నా ద్వీపంలోని మహిళా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చిన కొత్త గృహహింస కేసులు 300 శాతం పెరిగాయి.

1. బృందాన్ని ఎంచుకోండి

పదిమంది చాలు. ఇరవై దాటితే రహస్యం నిలవదు, ఐదుకు తగ్గితే ఇద్దరికి జ్వరం వచ్చిన రోజు పని ఆగుతుంది. ప్రతి సమావేశంలోనూ మాట్లాడేవాళ్లనే చేర్చుకోవద్దు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఏ ఇంటి నుంచి రాత్రిపూట అరుపులు వినిపిస్తాయో తెలిసిన మనిషి ఒకరు ప్రతి వీధిలోనూ ఉంటారు. ముందు ఆమె దగ్గరకు వెళ్లండి. నర్సో ఆరోగ్య కార్యకర్తో ఒకరు ఉండాలి. చక్రాల కుర్చీ వాడే స్త్రీ, అద్దెకు ఉండే వలస కుటుంబపు స్త్రీ, ట్రాన్స్ మహిళ, ఇళ్లలో పనిచేసే స్త్రీ సభ్యులుగానే ఉండాలి. వాళ్ల గురించి మిగతావాళ్లు ఊహించి రాసిన ప్రణాళిక మొదటి రాత్రే పనికిరాకుండా పోతుంది.

మగవాళ్ల సంగతేమిటని తప్పకుండా అడుగుతారు. పడవ నడపడానికి, బరువులు మోయడానికి, దారి తెరవడానికి నమ్మకమైన మగవాళ్లను కలుపుకోండి. జాబితాలు, తాళాలు, డబ్బు మాత్రం స్త్రీల చేతిలోనే ఉంచండి. మగవాళ్లందరూ చెడ్డవాళ్లన్నది ఇక్కడ వాదన కాదు. ఎవరి బావమరిది ఎవరికి స్నేహితుడో చీకట్లో తేల్చుకోలేం.

మొదటి సమావేశంలోనే ఒక నియమం రాసుకోండి: ఏ ఇద్దరు సభ్యులు ఒప్పుకున్నా డబ్బు ఖర్చు పెట్టవచ్చు, హింస నుంచి తప్పించుకున్న స్త్రీని దాచే రహస్య ఇంటి తలుపు తెరవవచ్చు. నాయకురాలి అనుమతి కోసం ఆగాల్సిన పని ఉండకూడదు. ఫోన్లు పనిచేయని రాత్రి ఆమె అవతలి ఒడ్డున చిక్కుకుని ఉండవచ్చు. స్త్రీవాద పద్ధతి అన్న మాటకు ఆచరణలో మొదటి అర్థం ఇదే, నిర్ణయం అవసరానికి దగ్గరగా ఉండడం.

2. ఒక జాబితా రాయండి, ఒకటి రాయకండి

పగలు ఒకసారి, రాత్రి ఒకసారి ఆ ప్రాంతమంతా నడవండి. లోతట్టు ఇళ్లు, తెగిపడే అవకాశమున్న కరెంటు తీగలు, వాన పడితే మునిగే దారులు పగటి పటంలోకి ఎక్కుతాయి. వెలుతురు లేని మలుపులు, మద్యం దుకాణం ముందున్న దారి, తలుపుకు గడియ లేని మరుగుదొడ్డి రాత్రి నడిస్తేనే కనబడతాయి. రెంటినీ ఒకే కాగితం మీదకు తెచ్చి చూడండి. నీరు చేరని ఏకైక దారి స్త్రీలు వెళ్లడానికి భయపడే దారే కావచ్చు. అలాంటప్పుడు అక్కడ ఎవరు టార్చి పట్టుకుని నిలబడాలో ముందే తేల్చుకోండి.

తర్వాత ఇంటింటి జాబితా. గర్భిణి అయితే ఎన్నో నెల, ఇన్సులిన్ వాడేవారు, డయాలసిస్‌కు వెళ్లేవారు ఎవరు, నడవలేనివారిని మోయడానికి ఎంతమంది కావాలి, పసిబిడ్డలు ఎందరు. ఇది కాగితం మీదే ఉండాలి, రెండు ప్రతులు, రెండు వేర్వేరు ఇళ్లలో, ప్లాస్టిక్ సంచుల్లో. మూడు నెలలకోసారి సరిచూడకపోతే పుట్టిన బిడ్డ జాబితాలో ఉండడు, చనిపోయిన ముసలాయన కోసం నలుగురు మంచం మోసుకెళతారు.

హింసకు గురవుతున్న స్త్రీల పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి. ఫోనులోనూ వద్దు, సంకేతాలతోనూ వద్దు. నాలుగు ఇళ్లున్న వీధిలో సంకేతాన్ని విప్పడం ఎంతసేపు? ఆమె ఎవరిని నమ్మి చెప్పిందో ఆ సభ్యురాలి జ్ఞాపకంలోనే అది ఉండాలి. ఆమె అంగీకరిస్తే మరొక్క సభ్యురాలికి తెలియాలి, మొదటామె అందుబాటులో లేని రోజు కోసం. ఆ రెండో మనిషిని ఎంచుకునేది కూడా ఆ బాధితురాలే.

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. కొట్టే మనిషి ఉన్న ఇంట్లో స్త్రీ సంచి సర్దుకుంటే అనుమానం వస్తుంది. వీధిలోని ప్రతి ఇంట్లోనూ విపత్తు సంచి ఉంటే రాదు. కాబట్టి అందరి చేతా సర్దించండి. గుర్తింపు పత్రాల నకళ్లు, వారానికి సరిపడా మందులు, శానిటరీ ప్యాడ్లు, టార్చి, విజిల్, కొంత నగదు, ముఖ్యమైన ఫోను నంబర్లు రాసిన కాగితం. ఫోను చార్జింగ్ అయిపోతే కన్నతల్లి నంబరు కూడా గుర్తురాని కాలం ఇది. అలాగే వరద కసరత్తు పేరుతో నెలకోసారి ప్రతి తలుపూ తట్టండి. ఏ ఇంటికి ఎందుకు వచ్చారని ఎవరూ అడగరు. మాట్లాడాలనుకున్న స్త్రీకి అది నెలకోసారి దొరికే అవకాశం.

3. హెచ్చరిక ఆమె చెవిన పడేలా చూడండి

ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది భర్త జేబులో ఉంటే ఎంత మంచి సందేశమైనా ఆమెకు చేరదు. ఒక్కో సభ్యురాలికి పది పదిహేను ఇళ్లు అప్పగించండి. ఆమె స్వయంగా వెళ్లి, ఆ ఇంటి స్త్రీతోనే మాట్లాడాలి. సందేశంలో మూడు విషయాలు చాలు: నీరు ఎప్పుడు రావచ్చు, ఎక్కడికి వెళ్లాలి, ఏ దారిన. గాలి వేగం, వాయుగుండం వివరాలు రేడియోకు వదిలేయండి.

అసలు చిక్కు అనుమతి దగ్గర వస్తుంది. విన్నా కదలరు, ఇంటి పెద్ద రావాలంటారు. దీన్ని ఆ పూట వాదించి గెలవలేరు. ఎండాకాలంలోనే ప్రతి కుటుంబంతో ఒక గుర్తు ఒప్పించండి. వీధిలోని ఫలానా గోడ మీద గీసిన గీతను నీరు తాకితే ఎవరి కోసమూ ఆగకుండా పిల్లలతో బయలుదేరాలి. మగవాళ్ల ముందే ఒప్పించండి, తర్వాత ఆమెను ఎవరూ నిందించకుండా. ఆ గీతను దారి మునగకముందే నీరు తాకేంత కిందకు గీయండి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లను పడగొట్టగలదు. చంకన బిడ్డ, పొడవాటి బట్టలు ఉంటే చెప్పక్కర్లేదు.

ఈ పని జరగదని నిరుత్సాహపడేవారు బంగ్లాదేశ్‌నే మళ్లీ చూడవచ్చు. 1970 తుపానులో 3,00,000 మందికి పైగా చనిపోయిన తర్వాత అక్కడ మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 76,000 మంది దాకా వాలంటీర్లు ఉన్నారు. వారిలో సుమారు సగం మంది స్త్రీలు. ఇంటి లోపలికి వెళ్లి స్త్రీతో మాట్లాడగలిగేది వాళ్లే.

4. తెలిసిన చోటు, తెలియని చోటు

పునరావాస కేంద్రంగా వాడే బడినో హాలునో ముందుగానే వెళ్లి చూడండి. అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు మీ బేరానికి పనికొస్తాయి: మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పు కింది చోటు, రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, మొదటి రోజుల్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, తర్వాత 20 మందికి ఒకటి, పురుషుల మరుగుదొడ్డి ఒకటుంటే స్త్రీలవి మూడు. అధికారితో మాకు ఇబ్బందిగా ఉందని చెబితే సర్దుకోమంటారు. అంకె చెబితే కాగితం తీస్తారు.

అంకెల్లో లేనివి మీరే చూడాలి. స్త్రీల మరుగుదొడ్డి గడియ లోపలి వైపు ఉందా? అక్కడికి వెళ్లే దారిలో దీపం ఉందా? ఒంటరి స్త్రీలు, పిల్లలతో వచ్చిన తల్లులు పడుకునే చోటు తలుపుకు దూరంగా ఉందా? రాత్రి కాపలా ఇద్దరిద్దరు స్త్రీలు వంతులవారీగా చేయాలి. పాలిచ్చే తల్లులకు తెర, ప్యాడ్లు మార్చుకుని పారవేయడానికి చోటు మొదటి రోజే సిద్ధం కావాలి. ఇవన్నీ సౌకర్యాలంటూ తర్వాతకు నెట్టేవారితో గొడవ పడండి, తప్పు లేదు. ఇవి లేకే స్త్రీలు చీకటి పడే దాకా ఆగి బయటి పొదల్లోకి వెళతారు, లేదంటే నీళ్లు తాగడమే మానేస్తారు.

ఇక తెలియని చోటు. కనీసం మూడు ఇళ్లు ఎంచుకోండి. వాటిలో ఒకటైనా అదే వరదకు మునగని మరో ప్రాంతంలో ఉండాలి. బృంద సభ్యుల ఇళ్లు వద్దు, వెతికేవాడు ముందుగా అక్కడికే వస్తాడు. ఇంటివాళ్లకు స్పష్టంగా చెప్పండి: గరిష్ఠంగా ఎన్ని రాత్రులు, ఖర్చు ఎవరిది, తలుపు కొట్టినప్పుడు ఏం చెప్పాలి. అక్కడ దాక్కునే స్త్రీ ఫోనులో లొకేషన్ ఆపించండి. ఆ ఫోను ఖాతా తెరిచే రహస్య పదం భర్తకు తెలుసేమో అడగండి. తెలిస్తే ఫోనును పూర్తిగా ఆపేసి వేరే ఫోను ఇవ్వండి.

పునరావాస కేంద్రంలో నమోదు చేసే పుస్తకం ఈ రెండు ప్రపంచాలూ ఢీకొనే చోటు. ఆ పుస్తకం ఉంటేనే తిండి, దుప్పట్లు లెక్కగా వస్తాయి. తప్పిపోయినవాళ్లను వెతుక్కుంటూ కుటుంబాలు వస్తాయి. అదే పుస్తకాన్ని తిరగేసి, పారిపోయిన భార్యను కనిపెట్టడానికి ఒకడు వస్తాడు. ఇద్దరూ ఏడుస్తూనే రావచ్చు, ముఖం చూసి తేడా చెప్పలేం. కాబట్టి అందరికీ ఒకే జవాబు ఉండాలి: “లోపల ఎవరున్నారో ఎవరికీ చెప్పడం లేదు. మీ పేరు, ఆమె పేరు, మీరు ఉండే చోటు ఈ చీటీలో రాయండి. ఆమె ఇక్కడ ఉంటే చీటీ చేరుతుంది.” బదులివ్వడం ఆమె ఇష్టం. నిజంగా భార్య కోసం తల్లడిల్లే భర్తకు ఇది పది నిమిషాల ఆలస్యం, అంతే. కేంద్రం బాధ్యుడైన అధికారితో ఈ నియమాన్ని వానలకు ముందే ఒప్పించి గేటు మీద అంటించండి. ఆ పూట కొత్తగా చెబితే వినరు, పైగా గేటు దగ్గర గుమిగూడిన జనం వెతుక్కుంటూ వచ్చినవాడి పక్షమే అవుతారు.

5. ఎవరైనా మీతో చెప్పినప్పుడు

బాధితులను వెతుక్కుంటూ వెళ్లకండి. ప్రశ్నాపత్రాలు పట్టుకుని శిబిరంలో తిరగకండి. సాయం ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలిసేలా చేయండి, మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అంటించిన కాగితం దీనికి బాగా పనిచేస్తుంది. ఆమె వచ్చి చెబితే వినండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగడం మీ పని కాదు. “ఇది మీ తప్పు కాదు. ఇప్పుడు మీకు ఏం కావాలి?” అన్న రెండు మాటల తర్వాత చాలాసేపు మౌనంగా ఉండగలగాలి. దీన్ని జంటలుగా కూర్చుని సాధన చేయండి. సలహా ఇవ్వకుండా ఉండడం మనలో చాలామందికి ఈత కంటే కష్టం.

లైంగిక దాడి జరిగితే గడియారం కీలకం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వాటిని 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్రలు 120 గంటల దాకా వాడవచ్చు, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. హెపటైటిస్ బి టీకా, ఇతర లైంగిక వ్యాధులకు మందులు, గాయాలకు చికిత్స కూడా వైద్యులు చూస్తారు. దారులు మునిగిన రోజు ఈ గంటలు ఇట్టే కరిగిపోతాయి. కాబట్టి మందులు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉంటాయో వానలకు ముందే వెళ్లి అడగండి. అక్కడికి దారి తెగిపోతే రెండో ఆసుపత్రి ఏది, పడవ ఎవరిది అన్నవీ తేల్చుకోండి.

చికిత్స ముందు, పోలీసు ఫిర్యాదు ఆమె నిర్ణయం. అయితే బాధితులు మైనర్లైతే తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టాలు అనేక దేశాల్లో ఉన్నాయి. మీ దగ్గర చట్టం ఏం చెబుతుందో ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. ఆమె నోరు విప్పకముందే ఆ సంగతి చెప్పండి, విన్నాక చెబితే మోసం చేసినట్లవుతుంది. సాక్ష్యం కావాలనుకుంటే ఒంటి మీది బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టమనండి. అప్పటికే స్నానం చేసిందని తెలిస్తే అయ్యో అనకండి, చికిత్సకు అది అడ్డం కాదు.

రాజీ కుదర్చకండి. భర్తను పిలిపించి, పెద్దల ముందు చేతులు కలిపించి, ఇల్లు మునిగిన సమయంలో గొడవలెందుకని పంపేయడం చూడడానికి మంచిపనిలా ఉంటుంది. ఆ రాత్రి ఏమవుతుందో చూడడానికి పెద్దలు అక్కడ ఉండరు.

6. డబ్బు

చిన్న నిధి, చిన్న నోట్లు. కరెంటు, నెట్‌వర్క్ పోతే ఖాతాలో ఉన్న డబ్బు ఉన్నా లేనట్టే. నగదును రెండు చోట్ల ఉంచండి, ఖర్చుకు రెండు సంతకాలు. లెక్క కచ్చితంగా రాయండి, కానీ “ప్రయాణ ఖర్చు, ఒకరికి” అని మాత్రమే. పేరు వద్దు, ఎక్కడి నుంచి ఎక్కడికో వద్దు. దెబ్బలు తగిలాయని రుజువు చూపమని ఎవరినీ అడగకండి.

బయటి నిధులు ఆలస్యంగా వస్తాయి. 2016లో కుదిరిన గ్రాండ్ బార్గెన్ ఒప్పందంలో పెద్ద దాతలు, సంస్థలు తమ సహాయ నిధుల్లో 25 శాతాన్ని వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకే ఇస్తామన్నాయి. ఆ మాటను నమ్ముకుని కూర్చోవద్దు. 1997లో మొదలైన అర్జెంట్ యాక్షన్ ఫండ్ లాంటి స్త్రీవాద నిధులు అత్యవసర దరఖాస్తులను త్వరగా తేల్చడం కోసమే పుట్టాయి. ఎవరికి ఇస్తారో, ఏ కాగితాలు అడుగుతారో ఖాళీగా ఉన్న రోజుల్లోనే చదివి పెట్టుకోండి.

7. పంపిణీ దగ్గర కన్నేసి ఉంచండి

బియ్యం బస్తా చేతిలో ఉన్నవాడికి అధికారం వస్తుంది. 2002లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, సేవ్ ది చిల్డ్రన్ కలిసి ఇచ్చిన నివేదిక పశ్చిమ ఆఫ్రికా శిబిరాల్లో సహాయ కార్యకర్తలే తిండికి బదులుగా బాలికలను లైంగికంగా వాడుకుంటున్నారన్న ఆరోపణలను బయటపెట్టింది. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి అలాంటి మార్పిడిని నిషేధిస్తూ కఠిన నియమాలు తెచ్చింది. మీ దగ్గర నియమం సూటిగా ఉండనివ్వండి: పంపిణీ పగటిపూట, బహిరంగంగా, ఇద్దరు స్త్రీల చేతుల మీదుగా. సాయానికి డబ్బు గానీ మరేదీ గానీ ఇవ్వనక్కర్లేదని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఫిర్యాదు తీసుకునేవారు పంపిణీ చేసేవారు కాకూడదు. ఇంటి యజమాని పేరు మీద మాత్రమే సరుకులిస్తామంటే ఒప్పుకోకండి, విడిగా ఉంటున్న భార్య ఆకలితో తిరిగి అదే ఇంటికి చేరుతుంది. ఫొటోలు తీయనివ్వకండి. దాత అడిగినా సరే.

8. నీరు తీశాక

బయటి సహాయం తగ్గే వారాల్లోనే పని పెరుగుతుంది. పంట, ఉపాధి పోయిన ఇళ్లలో కోపం ఎవరి మీదకు తిరుగుతుందో మీకు తెలుసు. నెలనెలా తలుపు తట్టడాన్ని ఈ కాలంలో వారానికోసారి చేయండి. బడికి తిరిగి రాని ఆడపిల్లల గురించి అడగండి. కష్టకాలంలో తొందరపడి చేసే పెళ్లిళ్లు అక్కడే ముందుగా తెలుస్తాయి. ఇంటి నష్టపరిహారం, స్థలం కాగితాలు ఎవరి పేరు మీద వస్తున్నాయో చూసి, దరఖాస్తు దశలోనే స్త్రీ పేరు రాయించండి.

బృందంలోని వాళ్ల ఇళ్లూ మునిగి ఉంటాయి, మరచిపోవద్దు. రాత్రి కాపలా కాసినవారికి మర్నాడు పని ఇవ్వకండి. హింస గురించి విన్నవారు వివరాలు చెప్పకుండానే తమ బరువు దించుకోవడానికి బయటి కౌన్సెలర్ ఒకరిని ముందే మాట్లాడి పెట్టండి. నెల తిరక్కుండా ఒకసారి కూర్చుని ఏ ఇంటికి హెచ్చరిక చేరలేదో, ఏ తాళం దొరకలేదో చూసుకోండి. వాడిన రహస్య ఇంటిని పక్కన పెట్టి కొత్తది వెతకండి. పునరావాస కేంద్రంలో రాయించుకున్న చీటీలను లెక్కపెట్టి, అవసరం తీరినవాటిని ఇద్దరు సభ్యుల ముందు కాల్చేయండి.